తనిఖీ రిపోర్టును గేటు మీద పెట్టించండి: అగ్నిమాపక, పురపాలక శాఖలకు బహిరంగ లేఖ

తెలంగాణ అగ్నిమాపక శాఖ డైరెక్టర్ జనరల్ గారికి, పురపాలక శాఖ ఉన్నతాధికారులకు నమస్కారాలతో,

నేను మీ శాఖలోనే ఫైర్‌మన్‌గా చేరి, లీడింగ్ ఫైర్‌మన్‌గా చాలాకాలం పనిచేసి, స్టేషన్ ఫైర్ ఆఫీసర్‌గా రిటైరైనవాణ్ని. సర్వీసులో మంటలు ఎంత ఆర్పానో, భవనాలు తనిఖీ చేయడానికి కూడా అంతే తిరిగాను. మంటలార్పిన సంగతులు ఇంట్లో పిల్లలకు చెప్పుకున్నాను. తనిఖీల సంగతి ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు ఈ లేఖలో చెబుతున్నాను.

మిమ్మల్ని అడగదల్చుకున్నది ఒక్కటే. తనిఖీకి వెళ్లిన ఆఫీసర్ రాసిన రిపోర్టు ఫైల్లోకి వెళ్లిన రోజే ఆ భవనం గేటు దగ్గర కూడా పడాలి. అక్కడ పడుకునేవాళ్లు, పనిచేసేవాళ్లు, తమ పిల్లల్ని అక్కడికి పంపేవాళ్లు నిలబడి చదువుకునేలా, మామూలు మాటల్లో ఉండాలి.

ఎందుకు అడుగుతున్నానో చెప్పాలంటే ఒక హాస్టల్ గురించి చెప్పాలి.

ఒక జిల్లా కేంద్రంలో ఆడపిల్లల ప్రైవేటు హాస్టల్ అది. కింద టిఫిన్ సెంటర్, పైన మూడంతస్తుల్లో గదులు, మొత్తం అరవై మంది దాకా పిల్లలు. ఎక్కడో ఏదో ప్రమాదం జరిగిందని, హాస్టళ్లన్నీ చూసి రమ్మని పైనుంచి ఆదేశం వచ్చింది. ఏదో ఒకటి జరిగాక ఆదేశం రావడం, పదిహేను రోజులు హడావుడిగా తిరగడం మాకు అలవాటే. ఆ రోజు మధ్యాహ్నం నేనూ మా లీడింగ్ ఫైర్‌మనూ వెళ్లాం. బిల్డింగుకు ముందొక మెట్ల దారి, వెనకొక మెట్ల దారి ఉన్నాయి. కట్టినవాడు సరిగానే కట్టాడు. కానీ వెనక మెట్ల కింద టిఫిన్ సెంటర్ వాళ్లు గ్యాస్ సిలిండర్లు, ఖాళీ నూనె డబ్బాలు పేర్చుకున్నారు. పిల్లలు రాత్రిపూట ఆ దారిన బయటికి పోకుండా మొదటి అంతస్తు దగ్గర ఇనుప గ్రిల్ బిగించి తాళం వేశారు. తాళం చెవి వార్డెన్ దగ్గర ఉంటుంది. వార్డెన్ ఇల్లు పక్క వీధిలో. కారిడార్‌లో మంటలార్పే ఎర్ర సిలిండర్ ఒకటి వేలాడుతోంది గానీ ప్రెషర్ చూపే దాని ముల్లు ఎప్పుడో ఎరుపులోకి పడిపోయింది, అంటే అది పనిచేయదు.

కాగితం గోడకు ఆనించి నేను రాసుకుంటుంటే, ఒక గది గుమ్మంలో తల ఆరబెట్టుకుంటున్న అమ్మాయి అడిగింది: “ఏం రాసుకుంటున్నారు సార్?”

“ఏం లేదమ్మా, రొటీన్ చెకింగ్” అన్నాను.

ఆ మాట ఆలోచించి అన్నది కాదు, అలవాటుగా వచ్చేసింది. తనిఖీ అంటే మాకూ ఓనర్‌కూ మధ్య వ్యవహారం అన్నట్టే మేం పనిచేశాం. మా ముందువాళ్లూ అలాగే చేశారు.

నోటీసు ఇచ్చాను. మున్సిపాలిటీకి కాపీ పంపాను. ఓనర్ స్టేషన్‌కు వచ్చి, నెల రోజుల్లో అన్నీ సరిచేస్తానని కాగితం మీద రాసి సంతకం పెట్టి వెళ్లాడు. ఆ కాగితాన్ని ఫైల్లో పెట్టాను. నాలుగు నెలలు గడిచాయి. ఒకరోజు తెల్లవారుజామున ఐదు గంటలప్పుడు టిఫిన్ సెంటర్లో వడల మూకుడులో నూనె అంటుకుంది. పెద్ద మంటేం కాదు, మా వాళ్లు పది నిమిషాల్లో ఆర్పేశారు. కానీ ఆ లోపే పొగంతా ముందు మెట్లలోంచి పైకి ఎగబాకింది. పిల్లలు వెనక మెట్ల వైపు పరుగెత్తి, గ్రిల్ పట్టుకుని ఊపి, కేకలేసి, మళ్లీ గదుల్లోకి పరుగెత్తారు. ముప్పై ఐదు అడుగుల నిచ్చెన వేసి మూడో అంతస్తు నుంచి ఒక్కొక్కరినీ దింపాం. మేం వెళ్లేసరికే రెండో అంతస్తు బాల్కనీలోంచి ఒక అమ్మాయి దూకేసింది. తుంటి ఎముక విరిగింది.

ఆ సాయంత్రం ఆస్పత్రికి వెళ్లాను. తనిఖీ రోజు గుమ్మంలో తల ఆరబెట్టుకున్న అమ్మాయే వరండాలో కూర్చుని ఉంది. లోపల ఉన్నది ఆమె రూమ్మేట్. నన్ను గుర్తుపట్టి లేచి నిలబడింది. “ఆ రోజు మీరు రాసుకున్నది ఆ తాళం గురించేనా సార్?” అని అడిగింది. “అవునమ్మా” అన్నాను. ఇంకేమీ అడగలేదు. వచ్చేశాను.

చాలా ఏళ్లైనా ఆ ప్రశ్న నన్ను వదల్లేదు. ఆ పిల్లకు ఆ మధ్యాహ్నమే నిజం చెప్పి ఉంటే ఏం చేసేది? వాళ్ల నాన్నకు ఫోన్ చేసేది. ఆయన ఓనర్‌కు చేసేవాడు. అరవై మంది నాన్నలు ఫోన్ చేస్తే, నా నోటీసుతో నాలుగు నెలల్లో కాని పని ఒక్క పూటలో అయ్యేది. తాళం సంగతి నాకు తెలుసు, ఓనర్‌కు తెలుసు, మున్సిపాలిటీ ఫైలుకు తెలుసు. తెలియంది ఆ తాళం వెనక నిద్రపోయేవాళ్లకే.

తనిఖీలో ఏం చూస్తామో మీకు కొత్తగా చెప్పక్కర్లేదు. కానీ ఈ లేఖ మామూలు జనం కూడా చదవాలని రాస్తున్నాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

పెద్ద బిల్డింగ్ అయితే ముందు పంపు రూమ్‌కు వెళ్తాం. ఎక్కువగా సెల్లార్లో, జనరేటర్ పక్కన ఉంటుంది. తాళం చెవి కోసం పావుగంట వెతుకుతారు. అప్పుడే లోపల ఎలా ఉంటుందో ఒక అంచనా వచ్చేస్తుంది. కరెంటుతో నడిచే పెద్ద పంపు, కరెంటు పోతే అందుకోవడానికి డీజిల్ పంపు, పైపుల్లో ప్రెషర్ పడిపోకుండా చూసే చిన్న జాకీ పంపు ఉంటాయి. ప్యానెల్ మీద ఆటో, మాన్యువల్, ఆఫ్ అని ఒక స్విచ్ ఉంటుంది. అది ఎప్పుడూ ఆటోలోనే ఉండాలి. పైన ఎవరైనా వాల్వు తిప్పితే, పైపులో ప్రెషర్ తగ్గి, కింద పంపు దానంతట అదే ఆన్ అవ్వాలి. నేను చూసినవాటిలో ఎన్నో చోట్ల ఆ స్విచ్ ఆఫ్‌లో ఉండేది. అడిగితే అందరిదీ ఒకటే జవాబు: “రాత్రిళ్లు ఊరికే ఆన్ అవుతోంది సార్, కరెంటు బిల్లు వాచిపోతోంది.” ఊరికే ఆన్ అవుతోందంటే పైపు ఎక్కడో కారుతోందని అర్థం. లీకు బాగుచేయించడానికి ఖర్చవుతుంది. స్విచ్ తిప్పడానికి ఖర్చేమీ లేదు. అదీ సంగతి.

తర్వాత టెర్రస్ మీద ట్యాంకు. మంటల కోసం ఉంచిన నీళ్లు వాడకంలో అయిపోకూడదని, ఇళ్లకు వెళ్లే పైపును ట్యాంకులో కొంచెం ఎత్తులో బిగిస్తారు. దాని కింద ఉన్న నీళ్లు ఎప్పుడూ అలాగే ఉండాలి. ఎండాకాలం నీళ్ల ట్యాంకర్లకు డబ్బు కట్టలేక, ప్లంబర్‌ను పిలిచి ఆ పైపును కిందికి దింపించిన అపార్ట్‌మెంట్లు చూశాను. అందులో ఉండేవాళ్లలో ఇద్దరు ముగ్గురికి తప్ప ఆ సంగతి తెలియదు.

మెట్ల దగ్గర గోడకు ఎర్ర పెట్టెలో గొట్టం ఉంటుంది. దాని చివర ఇత్తడి నాజిల్ ఉండాలి. పాత సామాను కొట్లో ఇత్తడికి మంచి ధర పలుకుతుంది, అందుకే చాలా పెట్టెల్లో నాజిల్ ఉండదు. ఒక షాపింగ్ కాంప్లెక్సులో పెట్టె తెరిచి చూస్తే గొట్టానికి కంపెనీ వేసిన ప్లాస్టిక్ కవర్ కూడా విప్పలేదు. ఆ బిల్డింగ్ కట్టి అప్పటికి పదకొండేళ్లు. వాల్వు తిప్పబోతే చక్రం తుప్పు పట్టి బిగుసుకుపోయింది. మా ఫైర్‌మన్ రెంచి వేసి, కాలు గోడకు తన్ని పెట్టి తిప్పాడు. ముందు బుస్సుమని గాలి వచ్చింది. తర్వాత ఇటుకపొడి కలిపినట్టు ఎర్రటి నీళ్లు ఒక బిందెడు వచ్చాయి. ఆ తర్వాత చుక్క రాలేదు. పైపు ఉంది, పెట్టె ఉంది, పైపుకు ఎర్ర రంగు కూడా కొత్తగా వేశారు. పక్కనే చెప్పుల షాపులో ఇద్దరు ఆడవాళ్లు చిన్నపిల్లలకు చెప్పులు తొడిగి చూస్తున్నారు. ఆ నీళ్లు నేల మీద పారి వాళ్ల దాకా వస్తుంటే, “పైపు పగిలిందా అన్నా?” అని మమ్మల్ని అడిగారు. మా ఫైర్‌మన్ ఏమీ అనకుండా తుడుపు గుడ్డ అడిగి తెచ్చాడు.

తనిఖీ ఉందని ముందే తెలిస్తే ఎర్ర సిలిండర్లు అద్దెకు తెచ్చి తగిలించేవాళ్లూ ఉన్నారు. మెడ దగ్గర గీత పడిన ఒకే సిలిండర్‌ను ఒకే వారంలో రెండు ఫంక్షన్ హాళ్లలో చూశాను.

ఇవన్నీ ఒక ఎత్తు, మెట్లు ఒక ఎత్తు. నీళ్లు లేకపోతే ఫైరింజన్ తెస్తుంది. సిలిండర్ పనిచేయకపోతే ఇంకొకటి తెస్తాం. బయటపడే దారి మూసుకుపోతే మేం వెళ్లేసరికే ఆలస్యమైపోతుంది. అగ్నిప్రమాదాల్లో ఎక్కువమంది మంటకు కాదు, పొగకు పోతారు. మెట్ల దారి తలుపులు తెరిచి ఉంటే రెండు మూడు నిమిషాల్లోనే అది పొగగొట్టంలా తయారవుతుంది. అందుకే రెండో దారి ఉండాలంటారు. ఆ రెండో దారిలో పండగ సీజన్‌లో చీరల మూటలు ఉంటాయి, ఆస్పత్రిలో విరిగిన మంచాలు ఉంటాయి, కోచింగ్ సెంటర్లో పాత ఫ్లెక్సీలు ఉంటాయి, అపార్ట్‌మెంట్లో చెప్పుల స్టాండ్లు, తులసి కుండీలు, ఎవరూ ఎక్కని పిల్లల సైకిళ్లు ఉంటాయి. టెర్రస్ తలుపుకు తాళం ఉంటుంది. చెవి వాచ్‌మన్ దగ్గర ఉంటుంది. వాచ్‌మన్ ఊరికి వెళ్లి ఉంటాడు.

ఇదంతా చూస్తుండగానే స్టేషన్ నుంచి ఫోన్ వస్తుంది, ఫలానా ఊళ్లో గడ్డివాము అంటుకుంది రమ్మని. తనిఖీ సగంలో వదిలేసి పరుగెత్తాలి. తనిఖీ చేయాల్సినవాడూ మంటలార్పాల్సినవాడూ ఒక్కడే కావడం గురించి వేరే లేఖ రాయాలి. ఇప్పుడు ఆ విషయంలోకి వెళ్లను.

నోటీసు ఇచ్చాక ఏమవుతుందో మీకు తెలుసు. 1999 నాటి ఫైర్ సర్వీస్ చట్టం కింద నోటీసు ఇవ్వగలం, వినకపోతే కోర్టులో కేసు వేయగలం. కేసు ఏళ్ల తరబడి నడుస్తుంది. సీల్ వేయాలన్నా, కరెంటు తీయించాలన్నా ఇంకో శాఖకు రాయాలి. వాళ్లు మళ్లీ మాకు రాస్తారు. ఇన్ని ఉత్తరాలు తిరుగుతున్నంతసేపూ ఆ భవనంలో లిఫ్టు ఎక్కేవాళ్లు ఎక్కుతూనే ఉంటారు, దిగేవాళ్లు దిగుతూనే ఉంటారు.

ఇది మన రాష్ట్రం ఒక్కదాని జబ్బు కాదు. ఢిల్లీలో ఉపహార్ థియేటర్ 1997 జూన్ 13న అంటుకుని 59 మంది చనిపోయారు. దానికి 14 ఏళ్ల ముందే, 1983లో, భద్రతా లోపాలు ఉన్నాయని ఆ హాలు లైసెన్సును సస్పెండ్ చేశారు. యాజమాన్యం కోర్టు నుంచి స్టే తెచ్చుకుంది. అప్పటి నుంచి తాత్కాలిక పర్మిట్ల మీదే హాలు నడిచింది. కోల్‌కతా ఆమ్రి ఆస్పత్రిలో 2011 డిసెంబర్ 9 తెల్లవారుజామున దాదాపు తొంభై మంది ఊపిరాడక పోయారు. చాలామంది మంచం దిగలేని రోగులు. కార్లు పెట్టాల్సిన బేస్‌మెంట్‌ను గోదాములా వాడుతున్నారని ఆ ఏడాదే ఫైర్ వాళ్లు గుర్తించారు. ఖాళీ చేస్తామని ఆస్పత్రి రాసిచ్చింది. ఆ రాసిచ్చిన కాగితం గురించి చదివినప్పుడు మా హాస్టల్ ఓనర్ రాసిచ్చిన కాగితమే కళ్ల ముందు కదిలింది. ఆపరేషన్ కోసం తల్లిని అక్కడ చేర్పించిన కొడుకు ఆ కాగితాన్ని రిసెప్షన్‌లో చూసి ఉంటే, అమ్మను ఆ రాత్రి అక్కడ ఉంచేవాడా?

మన సికింద్రాబాద్‌కే వద్దాం. 2022 సెప్టెంబర్ 12న కింద ఎలక్ట్రిక్ స్కూటర్ల షోరూమ్, పైన లాడ్జి ఉన్న బిల్డింగ్ అంటుకుని ఎనిమిది మంది పోయారు. 2023 జనవరి 19న మినిస్టర్స్ రోడ్డులో బట్టలు, స్పోర్ట్స్ సామాను అమ్మే బిల్డింగ్‌లో ముగ్గురు కార్మికులు కాలిపోయారు. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు పోయారు. సుమారు ఆర్నెల్లలో, కొద్ది కిలోమీటర్ల పరిధిలో, మూడు ప్రమాదాలు, 17 మంది. స్వప్నలోక్‌లో పోయినవాళ్లు ఇరవై దాటిన పిల్లలు. ఉమ్మడి వరంగల్, ఖమ్మం జిల్లాల ఊళ్ల నుంచి ఉద్యోగానికని వచ్చినవాళ్లు. వాళ్లనూ పొగే చంపింది. ఊళ్లో అమ్మానాన్నలకు జీతం ఎంతో తెలుసు, హాస్టల్ ఫీజు ఎంతో తెలుసు, ఆఫీసు ఐదో అంతస్తులో ఉందని కూడా తెలిసే ఉంటుంది. ఆ బిల్డింగ్‌లో ప్రమాదం వస్తే బయటపడే దారి ఎలా ఉందో తెలుసుకునే వీలు మాత్రం వాళ్లకు ఎవరూ కల్పించలేదు.

ఇక్కడ పురపాలక శాఖ వారికి ఒక మాట. మన నిబంధనల్లో వాణిజ్య భవనం 15 మీటర్లు, నివాస భవనం 18 మీటర్ల ఎత్తుకు చేరితేనే ఎన్ఓసీ, అంటే అభ్యంతరం లేదనే పత్రం కోసం ఫైర్ శాఖ దగ్గరికి రావాలి. బడులు, సినిమా హాళ్లు, ఫంక్షన్ హాళ్ల లాంటివాటికి ఆరు మీటర్ల ఎత్తుగానీ 500 చదరపు మీటర్ల స్థలంగానీ ఉంటే చాలు. మిగతా చిన్న భవనాలన్నీ మీ చేతిలోనే ఉన్నాయి. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాములో 11 మంది బిహారీ కూలీలు నిద్రలోనే పోయారు. పైన పడుకున్నవాళ్లు దిగడానికి ఉన్నది గుండ్రంగా తిరిగే ఒకే ఒక్క ఇనుప మెట్ల దారి. కిటికీలోంచి దూకిన ఒక్కడు బతికాడు. 2023 నవంబర్ 13న నాంపల్లి బజార్‌ఘాట్‌లో కింద కెమికల్ డ్రమ్ములు, పైన కాపురాలు ఉన్న బిల్డింగ్‌లో కనీసం తొమ్మిది మంది పోయారు. ఇలాంటి చోట్లకు మా ఎర్ర బండి తనిఖీ కోసం వెళ్లదు, మంటలార్పడానికే వెళ్తుంది. కాబట్టి నేనడుగుతున్న బోర్డు ఫైర్ శాఖ చూసే భవనాలతో ఆగిపోకూడదు. మీరు ట్రేడ్ లైసెన్సు ఇచ్చే గోదాములకు, హాస్టళ్లకు, లాడ్జిలకు కూడా ఉండాలి.

2025 మే 18న హైదరాబాద్ చార్మినార్ దగ్గరి గుల్జార్ హౌస్‌లో ఎనిమిది మంది పిల్లలతో సహా 17 మంది ఒకే ఇంట్లో పోయారు. పాత బస్తీలో తరతరాలుగా ఉంటున్న సొంత ఇంటికి ఎవరూ బోర్డు పెట్టలేరు. నేనడిగే పనితో ప్రతి ప్రాణమూ దక్కుతుందని చెప్పడం లేదు. అక్కడ కావాల్సింది వేరు, ఇంటింటికీ వెళ్లి ఏసీ వైరింగ్ చూసి, రెండో దారి ఎక్కడ తీయొచ్చో కూర్చుని మాట్లాడటం. అద్దె కట్టి, ఫీజు కట్టి, జీతం తీసుకుని వేరేవాళ్ల భవనాన్ని నమ్మి ఉండేవాళ్ల సంగతే నేను చెబుతున్నది.

బోర్డు ఎలా ఉండాలో కూడా చెబుతాను. మా రిపోర్టుల్లో రాసే వెట్ రైజర్, డౌన్ కమర్, ల్యాండింగ్ వాల్వ్ అనే మాటలు జనానికి అర్థం కావు. ఆ హాస్టల్‌కు నేను రాయాల్సింది ఇలా ఉండేది:

“ఈ భవనాన్ని ఫలానా తేదీన తనిఖీ చేశాం. కిందికి దిగడానికి రెండు మెట్ల దారులు ఉన్నాయి. వెనక దారికి తాళం వేసి ఉంది, దాని కింద గ్యాస్ సిలిండర్లు ఉన్నాయి. అంటే ప్రమాదం వస్తే దిగడానికి ప్రస్తుతం ఒక్క దారే ఉంది. మంటలార్పే సిలిండర్ పనిచేయదు. అలారం లేదు. ఫలానా తేదీలోగా సరిచేయమని యజమానికి చెప్పాం. మళ్లీ వచ్చి చూసేదాకా ఈ కాగితం ఇక్కడే ఉంటుంది. అత్యవసరమైతే 101కి ఫోన్ చేయండి.”

అంతే. చదవడానికి ఒక నిమిషం పట్టదు. తెలుగులోనే కాకుండా ఉర్దూలో, హిందీలో కూడా ఉండాలి. బోయిగూడలో పోయినవాళ్లు తెలుగు చదవగలిగినవాళ్లు కాదు. అన్నీ బాగున్న భవనానికి కూడా ఇలాంటి కాగితమే పెట్టాలి, అన్నీ బాగున్నాయని. ఏటా పంపు నడిపించి, గొట్టాలు ఆరబెట్టి, సిబ్బందితో డ్రిల్లు చేయించే యజమానులు నాకు తెలుసు. ఇప్పటిదాకా వాళ్లకూ, ఏమీ చేయనివాళ్లకూ గేటు బయట నిలబడి చూసేవాడికి తేడా తెలియదు. తెలిస్తే వాళ్ల ఖర్చుకు ఒక గుర్తింపు ఉంటుంది.

ఇది కొత్త పద్ధతేం కాదు. రేషన్ షాపు ముందు ఎంత బియ్యం వచ్చింది, ఎంత మిగిలింది అని బోర్డు రాయమంటాం. హోటల్‌వాడు ఫుడ్ లైసెన్సు గల్లాపెట్టె వెనక తగిలించాలి. మందుల షాపువాడూ అంతే. 2005 సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్, జనం అడగకముందే ప్రభుత్వ శాఖలు తమ దగ్గరున్న సమాచారాన్ని వీలైనంత బయటపెట్టాలని చెబుతోంది. హాస్టల్లో ఉండే పిల్ల దరఖాస్తు పెట్టి ముప్పై రోజులు ఎదురుచూసి తెలుసుకోవాల్సిన విషయమా ఇది?

ఈ మాట సర్వీసులో ఉండగా ఒకటి రెండు మీటింగుల్లో అన్నాను. అప్పుడు నాకు చెప్పిన అభ్యంతరాలు గుర్తున్నాయి. జనం భయపడిపోతారన్నారు. భయపడాల్సిన చోట భయపడితే తప్పేముంది? వ్యాపారం దెబ్బతింటుందన్నారు. తాళం తీయడానికి, డబ్బాలు జరపడానికి పైసా ఖర్చు కాదు. ఆ పని పొద్దున చేసి మధ్యాహ్నం మమ్మల్ని పిలిస్తే, సాయంత్రానికి కొత్త కాగితం పెట్టొచ్చు. ఓనర్లు రాత్రికి రాత్రే చించేస్తారన్నారు. చించితే జరిమానా పెట్టండి. దాంతోపాటు అదే రిపోర్టును శాఖ వెబ్‌సైట్‌లో భవనం పేరుతో వెతికితే దొరికేలా పెట్టండి. ఫోన్‌లో స్కాన్ చేసి కూరగాయలు కొంటున్న జనం స్కాన్ చేసి రిపోర్టు చదవలేరా?

ఇంకో అభ్యంతరం ఉంది. మీటింగులో ఎవరూ పైకి అనలేదు, టీ తాగేటప్పుడు అన్నారు. “మన ఆఫీసర్లే ఇరుక్కుంటారు కదా” అని. నేను దాని గురించి దాచకుండా చెబుతాను. తనిఖీకి వెళ్లినప్పుడు నా ముందు కవర్లు పెట్టినవాళ్లు ఉన్నారు. నేను తీసుకోలేదు. తీసుకున్నవాళ్లు ఉన్నారనీ నాకు తెలుసు. కాగితం ఫైల్లో మాత్రమే ఉన్నంతకాలం ఆ కవర్‌కు విలువ ఉంటుంది. అదే కాగితం గేటు మీద పడితే, మెట్లు ఖాళీగా ఉన్నాయని నేను అబద్ధం రాస్తే, ఆ మెట్ల మీద మూటలు రోజూ దాటి వెళ్లే సేల్స్ గర్ల్ నన్ను పట్టుకుంటుంది. నిజాయితీగా పనిచేసే ఆఫీసర్‌కు కూడా ఇది రక్షణే. రేపు ప్రమాదం జరిగితే “ఫైర్ వాళ్లు ఏం చేస్తున్నారు?” అని టీవీల్లో అడుగుతారు. ఏం చేశాడో, ఏ తేదీన ఏం రాశాడో అందరూ చదివే ఉంటారు.

రిటైరయ్యాక నేను ఒక అపార్ట్‌మెంట్లో ఉంటున్నాను. పోయిన వేసవిలో అసోసియేషన్ వాళ్లను అడిగి, పంపు రూమ్ నుంచి టెర్రస్ దాకా నేనే తిరిగి చూసి, ఒక కాగితం రాసి లిఫ్టు పక్కన అంటించాను. పంపు స్విచ్ ఆఫ్‌లో ఉందని, మూడో అంతస్తు గొట్టానికి నాజిల్ లేదని, టెర్రస్ తాళం చెవి వాచ్‌మన్ ఒక్కడి దగ్గరే ఉందని, ఐదో అంతస్తు మెట్ల మీద పాత వాషింగ్ మెషిన్ ఉందని రాశాను. ఎవరి పేరూ రాయలేదు. ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్లకు కోపం వచ్చింది, మనింటి విషయాలు వచ్చేపోయేవాళ్లకు తెలియాలా అని. మూడో రోజు వాషింగ్ మెషిన్ మాయమైంది. వారానికి టెర్రస్ తలుపుకు తాళం బదులు లోపలి వైపు గడియ పెట్టించారు. పంపు లీకు బాగుచేయించడానికి నెలన్నర పట్టింది, ఎందుకంటే అక్కడ డబ్బులు కావాలి. నాజిల్ వచ్చింది. రెండో అంతస్తులో ఉండే తొమ్మిదో తరగతి కుర్రాడు ఆ కాగితం ముందు నిలబడి, సరిచేసిన ప్రతి దాని పక్కన పెన్నుతో టిక్కు పెట్టేవాడు. అక్కడ నాకు ఏ చట్టమూ అధికారం ఇవ్వలేదు, దాని అవసరమూ పడలేదు.

మొత్తం రాష్ట్రం ఒకేసారి చేయలేమంటే, హాస్టళ్లతో, కోచింగ్ సెంటర్లతో మొదలుపెట్టండి. జూన్‌లో అడ్మిషన్లు మొదలవుతాయి. ఊళ్ల నుంచి తండ్రులు పెట్టె మోసుకుంటూ, కూతురి వెనక వస్తారు. గది చూస్తారు, బాత్రూమ్ చూస్తారు, అన్నం ఎలా ఉంటుందో అడుగుతారు. గేటు దగ్గర ఆ కాగితం ఉంటే దాన్నీ చదువుతారు. ఏప్రిల్ 14 నుంచి జరిగే అగ్నిమాపక వారోత్సవాల్లో ఏటా బడుల్లో డెమోలు ఇస్తాం, కరపత్రాలు పంచుతాం. ఈసారి ఆ వారంలో ఒక్కో స్టేషన్ తన పరిధిలోని హాస్టళ్లు చూసి, మొదటి కాగితాలు అంటిస్తే అడ్మిషన్ల నాటికి సిద్ధంగా ఉంటాయి.

కాగితం నమూనా తయారుచేయడానికి, కొత్తగా చేరిన పిల్లలకు మామూలు తెలుగులో రిపోర్టు రాయడం నేర్పడానికి, వాళ్లతో పాటు మెట్లెక్కి దిగడానికి నేను సిద్ధంగా ఉన్నాను. మోకాళ్లు ఇంకా పనిచేస్తున్నాయి. ఏ స్టేషన్‌కు రమ్మన్నా, ఏ రోజు రమ్మన్నా వస్తాను. నాకు దారి ఖర్చులు కూడా వద్దు.

మీ జవాబు కోసం ఎదురుచూస్తూ,

ఒక రిటైర్డ్ స్టేషన్ ఫైర్ ఆఫీసర్